ఒక్కటి చాలన్న తూటా

ఓర్వల్ స్టెన్స్‌రూడ్ నోరు చెడ్డది, మాట మాత్రం గట్టిది. వయోమింగ్ కొండల్లో వేటగాళ్లను గుర్రాల మీద ఎల్క్ దుప్పుల దగ్గరికి తీసుకెళ్లడం అతని బతుకుదెరువు. ఫలానా తుపాకీ పనికొస్తుందని ఓర్వల్ అన్నాడంటే, కింద ఊళ్లో కళ్లు మూసుకుని కొనేవాళ్లు. అందుకే అతను ఏ మాటా ఊరికే జారేవాడు కాదు. ఏటా వేటకాలం వచ్చేసరికి ఏదో ఒక కంపెనీ కొత్త తూటా దించి, దానంతటిది లేదని డప్పు కొట్టేది. అతను మాత్రం తండ్రి యుద్ధం నుంచి తెచ్చిన పాత రైఫిల్‌నే తుడుచుకునేవాడు.

ఆ ఏడు వెండెల్ క్రేన్ వచ్చాడు. పత్రికల్లో తుపాకుల గురించి రాసే మనిషి. వెంట ఓ కంపెనీ కొత్త తూటా, దానికోసమే చేసిన తుపాకీ తెచ్చాడు. తూటా పేరు పిడుగు. పెట్టె మీద ‘ఒక్కటి చాలు’ అని ఎర్రగా అచ్చేశారు.

"ఒక్క ముక్క అను పెద్దాయనా. ‘ఓర్వల్ మెచ్చిన తూటా’ అని వేసుకుంటాం."

"నా పేరు నా గుర్రానికే పెట్టుకోలేదు, నీ తూటాకి పెడతానా?"

తెల్లారి బేకన్, బీన్స్ తిని బయల్దేరారు. వెండెల్ తుపాకీలో మూడు తూటాలు పెట్టి, పెట్టె డేరాలోనే వదిలేశాడు.

"జేబులో ఇంకాసిని పోసుకో" అన్నాడు ఓర్వల్.

"ఒక్కటి చాలంటుంటే!"

"చాలంటున్నది పెట్టె. కొండ ఇంకా ఏమీ అనలేదు."

లోయ అవతలి గట్టున మగదుప్పి కనిపించింది. "దగ్గరికి పోదాం. ఇది తుపాకీ దూరం కాదు, టెలిగ్రాం దూరం" అని ఓర్వల్ అంటూనే ఉన్నాడు, వెండెల్ పేల్చేశాడు. తూటా పొట్టలో దిగింది. దుప్పి పేగులు ఈడ్చుకుంటూ పొదల్లోకి పరిగెత్తింది. తర్వాతి రెండూ రాళ్లను కొట్టాయి.

"తప్పిపోయింది. ఇంకోటి చూద్దాం."

"తప్పలేదు. ఇక్కడ నెత్తురు చిందించినవాడే వెనకాల పోవాలి. అది దొరికేదాకా నీకు వేరే వేట లేదు. పద!"

తుపాకీ ఖాళీ అయిందని చెప్పడానికి వెండెల్‌కు సిగ్గేసింది. ఖాళీ తుపాకీతోనే వెనకాల నడిచాడు.

ఆ కొండల్లో ఎలుగులకు తుపాకీ మోతే అన్నం గంట. వీళ్లకంటే ముందే ఒకటి చేరి, ప్రాణం పోని దుప్పిని తింటోంది. మనుషుల్ని చూసి మీదికొచ్చింది. ఓర్వల్ కాల్చాడు. తూటా రొమ్ములో దిగినా ఎలుగు ఆగలేదు. ఒక్క దెబ్బకు రైఫిల్ ఎగిరి లోయలో పడింది. మరుక్షణం అతని కుడిచెయ్యి దాని నోట్లో ఉంది. ఎముక పటపటా విరిగింది.

"కాల్చరా! కాల్చు!"

"తూటాల్లేవు!"

ఓర్వల్ ఎడంచేత్తో జేబులోవి గుప్పెడు విసిరాడు. వెండెల్ ఏడుస్తూ ఒక్కొక్కటీ తుపాకీలో కుక్కాడు. ఒక్కటీ పట్టలేదు. అవి పాత రైఫిల్ తూటాలు. పిడుగు తుపాకీకి ప్రపంచంలో ఇంకే తూటా సరిపోదు, డేరాలో పడున్న ఆ పెట్టెలోవి తప్ప.

ఓర్వల్ మొలలోని చర్మం ఒలిచే కత్తి లాగి ఎలుగు మెడలో దించాడు. మళ్లీ దించాడు. వేడి నెత్తురు కళ్లలో, నోట్లో పడింది. రొమ్ములో దిగిన తూటాకి, మెడలో దిగిన కత్తికి అది అతని మీదే కూలి చచ్చింది.

పక్కనే దుప్పి ఇంకా మూలుగుతోంది. ఓర్వల్ కత్తి వెండెల్ చేతిలో పెట్టాడు. "నువ్వు కొట్టావు. నువ్వే ముగించు." వెండెల్ కక్కుకుంటూ దాని గొంతు కోశాడు. చచ్చేవరకు దాని కళ్లలోకి చూడక తప్పలేదు. తర్వాత ఓర్వల్‌ను గుర్రానికెత్తి కొండ దించిందీ అతనే. ఆ మాట చెప్పుకోకపోతే పాపం.

ఆసుపత్రిలో చెయ్యి మోచేతి వరకు తీసేశారు. ఓర్వల్ పళ్లు బిగించాడు గానీ కన్నీటి చుక్క రాల్చలేదు.

వసంతంలో వెండెల్ రాసిన వ్యాసంతో పత్రిక వచ్చింది. భార్య థోరా పైకి చదివింది. దుప్పి ఉంది, ఎలుగు ఉంది, పిడుగు ఉంది. కత్తి లేదు, చెయ్యి లేదు. థోరా ఉన్నట్టుండి ఆగిపోయింది.

"చదువు."

"వద్దులేవయ్యా."

"చదవమన్నానా!"

"‘ఎలుగు మీద పడ్డప్పుడు నా ప్రాణం కాపాడింది పిడుగే, ఒక్కటి చాలింది అన్నాడు గైడ్ ఓర్వల్ స్టెన్స్‌రూడ్’ అని ఉంది."

చెయ్యి పోయినప్పుడు ఏడవని మనిషి, మిగిలిన చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.