మేనరికం వద్దన్నందుకు నా మీద జరిగిన ప్రార్థనలు

ఆ పొద్దు మా కోడలు సునంద రొట్టె తట్టుతా తట్టుతా నడుము పట్టుకొని కూలబడింది. మూడో నెల. గనులు జోరుగా నడిచే కాలం; మా రూపనగుడి నుంచి బళ్ళారి దారంతా ఇనుప ఖనిజం లారీలే. ఆటో ఆసుపత్రికి చేరేలోపలే కడుపు పోయింది.

"ఒక్కోసారి ఇట్ల అవుతాది, భయపడొద్దు" అన్నది డాక్టరమ్మ.

తర్వాత ఇంకో రెండు పోయినాయి. స్కాన్ బాగుంది, థైరాయిడ్ బాగుంది. నేను లారీల ఎర్ర దుమ్మును అనుమానించి లారీలకు అడ్డం నిలబడి తిట్టినాను. మా చెల్లెలు కరుణమ్మ నన్నే అనుమానించింది. తన కూతుర్ని మా కొడుక్కు ఇస్తానంటే, మేనరికం మంచిది కాదని పుస్తకాల్లో చదివి నేను కాదన్నాను. సిరుగుప్ప నుంచి ఏ చుట్టరికమూ లేని పిల్లను తెచ్చినాను.

మా చర్చివాళ్ళు కోపమొస్తే ఎదురుగా తిట్టరు, ప్రార్థన చేస్తారు. శుక్రవారం కూటంలో కరుణమ్మ కళ్ళు మూసుకొని, "ప్రభువా, పుస్తకాలు చదివి సొంత రక్తాన్ని తోసేసినోళ్ళను క్షమించు. బయటి పిల్లలో ఏం లోపముండాదో నీకే తెలుసు" అన్నది. అందరూ ఆమెన్! నేనూ మోకరించి, "ప్రభువా, కొందరి నాలుకకు తాళం వెయ్యి" అని అందుకున్నాను. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

మరుసటి వారం సునంద బట్టలు సర్దుకుంది. "మామా, నేను మా ఊరికి పోతా. ఆయనకు ఇంకో పిల్లను చూడండి."

"ముందు ఆ పెట్టె దించు తల్లీ" అని కొడుకునూ కోడలినీ, తోడుకు మా ఆవిడనూ బెంగళూరు తీసుకుపోయినాను. అక్కడి డాక్టరు భార్యాభర్తలిద్దరికీ కేరియోటైప్ అని, క్రోమోజోములు చూసే రక్తపరీక్ష రాసినాడు. మావాడు నసిగినాడు. "నాకెందుకు నాయనా? మోసేది ఆమె కదా."

"ఏందిరా, బిడ్డలో సగం నీది కాదా? చాపు చెయ్యి!"

సునందది నార్మల్. మావాడిది బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్. "రెండు క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకున్నాయి. ఆయనకేం కాదు. బిడ్డకు పోయేటప్పుడు ఒక్కోసారి ముక్క ఎక్కువో తక్కువో అవుతుంది, గర్భం నిలవదు" అన్నాడు డాక్టరు.

"మేనరికం చేసుంటే?"

"దీనికీ దానికీ సంబంధం లేదు తాతా. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చు. అబ్బాయి తల్లిదండ్రులు మీరిద్దరూ రక్తమివ్వండి."

ఆ తేడా నాదేనంట! ఇన్నేండ్లు నాలోనే కూర్చొని ఒక్క మాటైనా చెప్పలేదు. "మరి నాకు పోయిన రెండు కడుపులూ?" అని అడిగింది మా ఆవిడ. "ఇదే కావచ్చమ్మా" అన్నాడు. బళ్ళారి బస్సులో ఆమె నా పక్కన సీటు వదిలి సునంద పక్కన పోయి కూర్చున్నది.

"మీ తోడబుట్టినవాళ్ళూ చేయించుకుంటే మంచిది" అని కూడా అన్నాడు డాక్టరు. ఆ మాటను భద్రంగా ఊరికి మోసుకొచ్చినాను. శుక్రవారం రాగానే మోకరించినాను. "ప్రభువా, మా కోడలిలో ఏ లోపమూ లేదని అందరి ముందర చెప్తాండా. ఇది మా వంశానిది. మా కరుణమ్మకూ రక్తపరీక్షకు ధైర్యమియ్యి."

కరుణమ్మ ఒక కన్ను తెరిచింది. "నాకెందుకన్నా!"

వెనక వరసలో నుంచి సునంద గట్టిగా "ఆమెన్" అన్నది.

నాలుగోదీ పోయింది. ఆ పొద్దు మాత్రం ఆమె పెట్టె జోలికి పోలేదు. ఐదోది నిలిచింది, ఉమ్మనీరు తీసి చూసే ఆమ్నియోసెంటెసిస్ పరీక్ష చేసి బిడ్డ బాగుందన్నారు. ఇప్పుడు నా మనవరాలు కరుణమ్మ ఒళ్ళో కూర్చొని కళ్ళజోడు లాగుతుంటాది. పరీక్ష ఏమైందని అడిగితే, "ప్రార్థనలో ఉండాది" అంటుంది మా చెల్లెలు.

మీ ఇంట్లో రెండుసార్లు కడుపు పోతే, ఆడపిల్ల మీద పడొద్దు. భార్యాభర్తలిద్దరికీ కేరియోటైప్ అవసరమా అని డాక్టరును అడగండి. అవసరమంటే, మొగోడి చెయ్యి ముందు చాపించండి.