కాపలా కాసిన ప్లేట్లు

పోయిన వారం మా కోడలి రక్తపరీక్ష రిపోర్టు తెచ్చేదానికి కృష్ణగిరి పోయినాను. అందులో ఒక వరస దగ్గర నా కన్ను ఆగిపోయింది. ఇనుమును పట్టి కణంలోకి లాక్కునే రిసెప్టర్ అనే ప్రోటీను తెగి, దాని ముక్క రక్తంలో ఎంత తిరుగుతున్నదో చెప్పే వరస అది. కౌంటరు దగ్గరి అమ్మాయి, ఒంట్లో ఇనుము తగ్గితే ఇది పెరుగుతుందమ్మా, భయపడొద్దు అని నాకు పాఠం చెప్పింది. చెప్పనీలే అని ఊరుకున్నాను. కణం మీద ఉండాల్సిన ముక్కను ఎవరు కోసి బయట పడేస్తారో కనుక్కునే పనిలోనే నా వయసంతా పోయిందని ఆ బిడ్డకు యాడ తెలుసు? తిరిగి హోసూరు చేరేదాకా బస్సులో నాకు ఆ రోజులే.

అప్పట్లో హోసూరులో ఉద్యోగమంటే ఫ్యాక్టరీ అనే లెక్క, మన కాలంవాళ్ళకు చెప్పబనిలేదు. బేరిగై నుంచి వచ్చిన నాకు ఊరి చివర ఒక పరిశోధన ల్యాబులో పని దొరికితే, మా నాయన మా బిడ్డ మందులు కనిపెడుతుందని సంతకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నాతోపాటు గోదావరి వైపు నుంచి ఇంకొక అమ్మాయిని తీసుకున్నారు. ఇద్దరమూ టెంపరరీ, ఏడాది పోయినాక ఒకరినే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ మాట ముందే చెప్పి ఇద్దరినీ ఉండేదానికి ఒకే గదిలో ఎందుకు పెట్టినారో ఆ దేవుడికే తెలియాలి. నేను వచ్చినాను, పోయినాను అంటే ఆమె నవ్వేది, ఆమె ప్రతి మాటకూ అండీ తగిలిస్తే నేను నవ్వేదాన్ని. మొదట్లో అంతా బాగానే గడిచింది.

మా పని చెప్పాలంటే, కణం మీద రిసెప్టర్లు బయటికి తలలు పెట్టుకుని ఉంటాయి, అదే కణం మీదుండే ఒక ఎంజైము ఆ తలలను కత్తిరిస్తుంది. అది ఏ ఎంజైమో తేల్చాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా, మనం పట్టాలి అని మా సారు దినమూ అనేవాడు. కొన్ని దినాలకు, కణాలను పెంచే నా ప్లేట్లలో రిసెప్టర్ల లెక్క సరిగా వస్తూ, ఆమె ప్లేట్లలో మాత్రం రిసెప్టర్లు మాయం కావడం మొదలైంది. ఏ మందూ వేయని ప్లేట్లలో కూడా లేవు.

ఇంకేముంది, ఆమె చూపు నామీద పడింది. ప్లేట్ల మూతలకు టేపు అంటించింది, సీసాల మీద గుర్తులు పెట్టుకుంది. గదిలో పాలు కూడా వేరుగా కాచుకునేది. నాకు మాత్రం అనుమానం లేదా? తన పని తానే చెడగొట్టుకుని నామీద బురద చల్లుతున్నదని నేను అనుకున్నాను. ఒకదినం సారు పిలిచి, "ఏమ్మా, ఆ ప్లేట్లు ముట్టుకున్నావా?" అన్నాడు. లేదు సార్ అన్నాను. ఆయన నా మొహం చూడలేదు, చేతులు చూసినాడు. పని పోతే పోనీ, చెయ్యి మంచిది కాదన్న పేరుతో పోతే ఇంక ఏ ల్యాబు గడపా నన్ను తొక్కనియ్యరు.

అంతలో కృష్ణగిరి అవతల పోచంపల్లిలో మా చిన్నాయన ఇంట్లో పెండ్లికి పోయి వచ్చినాను. వచ్చి చూస్తే, నేను లేని దినాల్లో ఆమె ప్లేట్లన్నీ చక్కగా వచ్చినాయి. నేను అడుగు పెట్టిన మరుసటి దినమే మళ్ళీ మాయం. ల్యాబులో నాతో మాట్లాడేవాళ్ళు లేకపోయినారు. సారు ఇంక నన్ను పంపించేస్తాడని తెలిసిపోయింది.

నేనే సారు దగ్గరికి పోయి, ఆమె పని చేస్తుంటే నేను మూలన కుర్చీలో కూర్చుంటాను, మీరు కూడా ఉండి చూడండి సార్ అని అడిగినాను. ఒప్పుకున్నాడు. కణాలు ప్లేటు అడుగున అతుక్కుని ఉంటాయి, వాటిని లేపేదానికి ట్రిప్సిన్ అనే ఇంకొక ఎంజైము పోస్తాము. మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆమె పోసింది, ఇంక ప్లేటు దగ్గరే నిలబడిపోయింది. లేచిన కణాలను తీసుకుని పక్కగదిలోని లెక్కకట్టే మిషను దగ్గరికి పోవాలంటే మిగిలిన ప్లేట్లను నా ముందర వదిలిపోవాలి కదా. నేను ఎప్పుడు లేస్తానా అని నన్నే చూస్తున్నది. నేను గడియారం చూస్తున్నాను.

"సార్, ట్రిప్సిన్ పోసి ఎంతసేపయింది?" అన్నాను.

ఆయన గడియారం చూసి, ఆమెను చూసి, స్టూలు మీద కూలబడినాడు. ట్రిప్సిన్‌ను అంతసేపు వదిలితే కణాల కాళ్ళతో ఆగదు, రిసెప్టర్ల తలలను కూడా నరుకుతుంది. ఒకరికే పర్మనెంటు అన్న భయంతో, ప్లేట్లు చెడకముందు నుంచే దినమూ నేను టీకి పోయేదాకా ఆమె చేసిన కాపలా అదే. నేను ఊర్లో లేనప్పుడు కాపలా లేదు, నష్టమూ లేదు. కంచే చేను మేసినట్టయింది. ఆ పొద్దు ఆమె వెక్కి వెక్కి ఏడ్చి నా చేతులు పట్టుకుంది. పోనీలే అమ్మా అన్నాను. సారు ఎవరితో పోట్లాడినాడో ఏమో, ఇద్దరినీ పర్మనెంటు చేయించినాడు. నెల తిరక్కుండా నేను బస్టాండు వైపు వేరే గది చూసుకుని పోయినాను. వద్దని ఆమె ఎంతగానో బతిమాలింది. పోవడం తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ఇప్పుడు మా అన్న కూతురు హోసూరులో అట్లాంటి ల్యాబులోనే ఉంది. ప్రతి టేబులు మీదా కెమెరా, తలుపుకు కార్డు, ఎవరి ప్లేటు ఎవరు ముట్టినా తెలిసిపోతుంది, ఈడ అనుమానాలే ఉండవత్తా అంటుంది. నేను నమ్మను. ఆ దినాల్లో కెమెరా ఉండుంటే ఏం చూపించేది? ప్లేటుకు కాపలా ఉన్న ఒక మంచి అమ్మాయినీ, ఆమెను గుడ్లప్పగించి చూస్తున్న నన్నూ చూపించేది. నన్ను ఇంకా ముందే పంపించేసేవాళ్ళు.

ట్రిప్సిన్‌లో తలలు పోగొట్టుకున్న కణాలను మంచి మీడియంలో, అదే వాటి తిండి కలిపిన నీళ్ళలో, ఒక రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి కొత్త రిసెప్టర్లు మొలిపించుకుంటాయి. మేమిద్దరమూ రిటైరయ్యేదాకా పక్కపక్క టేబుళ్ళ దగ్గరే పని చేసినాము, ఒకరి బిడ్డల పెండ్లికి ఒకరు పోయినాము. ఆమెకు నామీద అనుమానం ఆ ఒక్క పొద్దుతోనే తీరిపోయింది. నాకే, ఆమె మళ్ళీ ఎప్పుడు నా చేతుల వైపు చూస్తుందో అని, కడదాకా తీరలేదు.