పొద్దు పడమట పొడిచిన పటం

1956 మార్చి ఒకటో తేదీన నన్ను చెన్నపట్నం జార్జి టౌన్‌లోని మా అచ్చాఫీసులో ఆఫ్‌సెట్ విభాగానికి హెడ్ ఆర్టిస్టుగా వేశారు. ఆరు నెలల పరీక్షకాలం. ఆగస్టు ముప్పై ఒకటిలోగా యజమానికి నా పని నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే తిరిగి రాతి విభాగానికి, పాత హోదాకు పోవాలి. ఇక్కడ రాస్తున్నది ఆ ఆరింటిలో చివరి నెల సంగతి. అప్పటి డైరీ నా దగ్గరే ఉంది కాబట్టి తేదీలను జ్ఞాపకానికి వదిలిపెట్టలేదు.

ముందు పని గురించి కొంత చెప్పాలి. రాతి అచ్చులో నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. కాగితం నేరుగా ఆ రాతినే అంటుకుంటుంది. అందువల్ల రాతి మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు, కుడి ఎడమలు తారుమారు చేసి గీయాలి. నేను పన్నెండేళ్లు అలాగే గీశాను. ఆఫ్‌సెట్‌లో రాయి ఉండదు. జింకు రేకు మీద గీసిన బొమ్మ మొదట రబ్బరు దుప్పటి మీద పడుతుంది, అక్కణ్ణించి కాగితం మీదికి వస్తుంది. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి రేకు మీద తిన్నగానే గీయాలి. ఈ తేడా నాకు తెలియనిది కాదు. కానీ పన్నెండేళ్లు ఒక తీరుకు అలవాటుపడ్డ చెయ్యి ఆరు నెలల్లో మారదు.

జూలైలో బడులకు గోడపటాల పని వచ్చింది. రెండు వేల పటాలు, నాలుగు రంగులు, శీర్షిక ‘సూర్య కుటుంబం’. మైలాపూరులో ఉండే ఒక సైన్సు మేష్టారు పెన్సిలు నమూనా గీసి ఇచ్చారు. మధ్యలో సూర్యుడు, చుట్టూ తొమ్మిది వలయాలు. అప్పటి లెక్కలో ప్లూటో కూడా గ్రహమే. పటం అడుగున ‘దూరాలు కొలత ప్రకారం లేవు’ అని తప్పకుండా వేయాలని ఆయన పట్టుబట్టారు. ఎందుకని అడిగితే, సూర్యుణ్ణి ఫుట్‌బాలంత వేస్తే భూమి ఆవగింజంత ఉంటుందనీ, దాన్ని ఎనభై అడుగుల అవతల పెట్టాలనీ, ప్లూటో కోసం అర మైలు దాటి నడవాలనీ చెప్పారు. మా మిషన్ హాలు పొడవే ఎనభై అడుగులు లేదు.

నమూనాతో పాటు ఒక చీటీ ఇచ్చారు. ఉత్తర ధ్రువానికి పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోవాలి. అక్కణ్ణించి చూస్తే గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. భూమి తన చుట్టూ తాను తిరిగేదీ ఆ దిశలోనే. ప్రతి వలయం మీదా ఒక బాణపు మొన, భూమి పక్కన మరో చిన్న మొన వేయమన్నారు. చీటీని డైరీలో ఎత్తి రాసుకున్నాను.

ఆగస్టు 13, సోమవారం. మూడు రంగులు అప్పటికే పడ్డాయి. వలయాలు, బాణాలు, పేర్లు ఉన్న నల్లరంగు రేకు ఉదయం మిషనెక్కింది. ఆర్టు విభాగానికి భోజన విరామం పన్నెండింటికి, మిషన్ హాలుకు ఒంటిగంటకు. తినడం ముగించి, డైరీలో ఆనాటి పని రాస్తూ పాత పుట తిప్పాను. ‘ముళ్లకు ఎదురు దిశ’ అన్న మాట కనబడింది. ఎదుట గోడగడియారం ఉంది. బల్ల మీద అప్పుడే తెచ్చిన షీటు ఉంది. గడియారాన్ని, షీటును రెండుసార్లు చూశాను. పది మొనలూ ముళ్లతోనే పోతున్నాయి.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నమూనాను ట్రేసింగు కాగితం మీదికి ఎత్తి, రాతి పనిలో చేసినట్టే కాగితాన్ని బోర్లించి రేకు మీదికి దించాను. పటమంతా తారుమారైంది. కానీ వలయం ఎటునుంచి చూసినా వలయమే. పేర్లు రాసే అతను వేరే. అతను గ్రహం ఉన్న చోటల్లా పేరు తిన్నగా రాశాడు. ప్రూఫును నేను, అతను, మేష్టారు ముగ్గురం చూశాం. ముగ్గురం పేర్లే చదివాం.

మా ఆఫీసులో నడుస్తున్న మిషన్‌ను మేస్త్రి తప్ప ఎవరూ ఆపకూడదు. నేను వెళ్లి ఆపేశాను. మేస్త్రి మునిరత్నం పురసవాక్కం మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద.

“ఎవురయ్యా నా మిషను మీద చెయ్యేసింది? హెడ్డు అయిపోయినావని ఇది గూడా నీదే అనుకుంటివా?”

“రేకు తప్పు అన్నా. బాణాలు తిరగబడ్డాయి.”

అతను షీటును వెలుతురుకు పట్టి పైనుంచి కిందిదాకా చూశాడు. “అచ్చరాలు నేరుగానే ఉండాయి గదా. ఏ బాణాలు?”

అచ్చయిన షీట్లను లెక్కగట్టే మిషను ముల్లు 612 దగ్గర ఉంది.

యజమాని రంగయ్య శెట్టిగారిని మేమంతా మొదలాళీ అని పిలిచేవాళ్లం. విషయం విని ఆయన ప్రూఫు తెప్పించారు. “మేష్టారు చేవ్రాలు పెట్టినాడా లేదా?”

పెట్టారన్నాను.

“ఇంకేంది? పిల్లకాయలు గుండ్రాలు చూస్తారు, పేర్లు బట్టీ పడతారు. చీమ తలకాయంత బాణం ఎటు పోతే ఎవురికేమి? ఇరవై అయిదుకు సరుకు బండెక్కాల. పోయి మిషను తిప్పండి.”

ఆ మాటకు తలూపి వచ్చేస్తే నా ఉద్యోగానికి ఢోకా లేదు. తప్పు మీద మేష్టారి సంతకం ఉంది. కానీ ఆ పటం బడి గోడ మీద పదిహేనేళ్లయినా ఉంటుంది. మొదలాళీ కూర్చున్నది తిరిగే కుర్చీ. ఒక్క నిమిషం అనుమతి అడిగాను. కుర్చీని కిటికీకి వీపు పెట్టి తిప్పించి, ఇలా అనుకోమన్నాను: ఆయన తల ఉత్తర ధ్రువం, కిటికీ సూర్యుడు, ఆయన పొట్ట మన చెన్నపట్నం, ఎడమ చెయ్యి తూర్పు, కుడి చెయ్యి పడమర.

“చెన్నపట్నం ఈ మధ్య శానా పెరిగిపోయిందని అందురూ అంటానే ఉండారు లే మొదలాళీ,” అన్నాడు నా వెంటే వచ్చిన మునిరత్నం.

“నోరు మూసుకోని తిప్పవయ్యా.”

షీటులో భూమి పక్కనున్న మొన ఎటు చూపిస్తోందో అటే, ముళ్లు తిరిగే వైపే, మునిరత్నం కుర్చీని మెల్లగా తిప్పాడు. కిటికీ మొదట ఏ చేతివైపు కనబడిందని అడిగాను.

“కుడి.”

కుడి అంటే పడమర అని గుర్తుచేశాను. ఆయన కిటికీవైపు తిరిగి చూశారు. “అంటే, హార్బరు మీద పొడవాల్సిన పొద్దు పూందమల్లి తట్టు పొడస్తాదా?”

మన పటం ప్రకారం అంతేనన్నాను.

“ఇంగోసారి, ఆ తట్టుకు తిప్పు.” ఈసారి కిటికీ ఎడమచేతి వైపు నుంచి వచ్చింది. ఆయన లేచి నిలబడి చెప్పిన మాటలు డైరీలో ఉన్నట్టే ఇస్తున్నాను. “మళ్లీ వేసేదానికి పేపరు లేదు. గడువు మారదు. చెడగొట్టింది నువ్వు, బాగుచేసేదీ నువ్వే. నీ ఖాయం సంగతి ఇప్పుడు ఎత్తొద్దు.”

రేకు దిద్దడం తేలిక. మెత్తటి రాతికడ్డీతో మొనలు రుద్దేసి, కొత్తవి గీసి, బంక పూసి సాయంత్రానికల్లా సిద్ధం చేశాను. మర్నాడు పొద్దున్నే మైలాపూరు వెళ్లి మేష్టారికి కొత్త ప్రూఫు చూపించాను. ఆయన గది మధ్యలో నిలబడి తన చుట్టూ తాను ఒకసారి తిరిగి చూసుకుని, “నేనూ పేర్లే చూసినానయ్యా,” అన్నారు. ఈసారి పది మొనల పక్కనా విడివిడిగా సంతకం చేశారు.

మిగిలింది అచ్చయిపోయిన 612 షీట్లు. షీటుకు పది మొనలు. పాత మొనను బ్లేడుతో కాగితం చిరగకుండా గీకాలి, వేలిగోటితో నున్నగా రుద్దాలి, సన్నటి పాళీతో ఎదురు మొన గీయాలి. వలయాల మధ్య రంగు వేయకపోవడం వల్ల గీకిన చోటు తెలియలేదు. మొదటి షీటుకు ఏడు నిమిషాలు పట్టింది. మూడోనాటికి నాలుగుకు వచ్చింది. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం పని ముగిశాక ఒక గంట, పదిహేనో తేదీ సెలవురోజు పూర్తిగా కూర్చున్నాను. పద్దెనిమిది నాటికి 260 అయ్యాయి. ఆ లెక్కన గడువు అందదు.

పంతొమ్మిది ఆదివారం. మునిరత్నం తన బ్లేడు తనే తెచ్చుకుని ఎదుట కూర్చున్నాడు. “నేను గీకతా, నువ్వు గీయి. నా చేత గీయిస్తివా, పొద్దు ఉత్తరాన పొడస్తాది.” ఇరవై మూడు సాయంత్రం ఆఖరి షీటు ఆరబెట్టాం.

మొదలాళీ వచ్చి కట్ట మధ్యనుంచి ఒక షీటు లాగి తన గదిలోకి తీసుకుపోయారు. తలుపు తెరిచే ఉంది. షీటును బల్ల మీద పరిచి, కుర్చీలో కూర్చుని, బాణం చూపిన వైపు తనంతట తనే ఒక చుట్టు తిరిగారు. కిటికీ ఎడమనుంచి వచ్చింది కాబోలు, తల ఊపారు. సరుకు ఇరవై అయిదున వెళ్లింది.

ఆగస్టు 31న నాకు ఉత్తర్వు ఇచ్చారు. రేకు సరిచూడటంలో లోపం వల్ల పరీక్షకాలం మరో ఆరు నెలలు పొడిగించారు. అందులో రాసింది నిజమే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. 1957 ఫిబ్రవరి ఆఖరున ఉద్యోగం ఖాయమైంది.

చేతికి బాగా అలవాటైన పనిని ఆ అలవాటుతోనే సరిచూస్తే తప్పు దొరకదు. ముగ్గురు ప్రూఫు దిద్దినా, ముగ్గురూ ఒకే చోట చూస్తే అది ఒక్కరు చూసినట్టే. బొమ్మలో ఉన్నది నిజమైతే లోకం ఎలా ఉంటుందో అడిగి చూడాలి.

ఆ తరువాత కొత్త రేకు ఏది తెచ్చినా మునిరత్నం నన్ను ఎగతాళిగా “పొద్దు ఎటు?” అని అడిగేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ మాట రేకులు పాస్ చేసే పుస్తకంలో ఒక గడిగా చేరింది. నేను రిటైరయ్యే దాకా, అది బిస్కెట్టు లేబులైనా సరే, ఆ గడి నింపకుండా ఏ రేకూ మిషనెక్కలేదు.