నాలుగో మూల పువ్వు

రోజిన్ అక్క నడుముకి కత్తెర వేలాడిందంటే, యల్లాపుర దగ్గరి మా సిద్దీ వాడలో ఆడవాళ్లు తీగల మీద ఆరేసిన పూల బట్టలు లోపలికి తీసేస్తారు. ఎవరికో బిడ్డ పుట్టింది, అక్క బొంత మొదలెట్టింది అని అర్థం. కనబడినవాళ్ల కొంగు వేళ్ల మధ్య నలిపి "చివికిపోయిందే ఇది" అని తీర్పు చెప్పి ముక్క కత్తిరించుకుంటుంది, నిన్న కొన్నదైనా సరే. కాళ్లు చాపుకుని అంచుల నుంచి నడిమికి కుట్టుకొస్తుంది. బొంత ఆకలితో ఉండకూడదని లోపల నాలుగు బియ్యపు గింజలు వేస్తుంది. నాలుగు మూలలకీ మడతల గుడ్డ పువ్వులు కుడుతుంది. అవి లేని బొంత బట్టల్లేని మనిషితో సమానం.

ఈసారి బొంత నతాలిన్ మనవరాలికి. పనసకాయ తగువుతో అక్కకీ ఆమెకీ రెండేళ్లుగా మాటల్లేవు. అక్క తెచ్చిన బొంత విప్పగానే నతాలిన్‌కి నడిమధ్య తన పోయిన మందారాల నైటీ ముక్క కనిపించింది.

"దొంగ ముసల్దానా" అంది. రెండేళ్లకి అదే మొదటి మాట.

"మెల్లిగా, పిల్ల లేస్తుంది" అంది అక్క.

నతాలిన్ మూలలు తడిమింది. మూడింటికే పువ్వులున్నాయి. "వాడలో అందరి బట్టా ఉంది ఇందులో, నీదేదే?" అంటూ అక్క నడుము నుంచి కత్తెర లాగి, వెనక నుంచి ఆమె పూల కొంగు పట్టుకుంది.

అక్క తల తిప్పలేదు. "కాస్త పెద్దగా కత్తిరించు" అంది. "పువ్వుకి మడత పడాలి."