అమ్మ వేసిన వంకర జడలు

బత్తాయి తొక్క వాసన తగిలితే అందరికీ జ్యూసు బండి గుర్తొస్తుందేమో, నాకు మాత్రం పరామర్శలు గుర్తొస్తాయి. మొన్న ఆఫీసులో పక్క సీటావిడ మధ్యాహ్నం పూట బత్తాయి ఒలుస్తుంటే, ఆ పుల్లచేదు వాసన ఏసీ గదంతా పరుచుకునేసరికి, నేను కంప్యూటరు ముందు కూర్చున్నచోటి నుంచే కొత్తపేట దగ్గర మా ఊరికి, తొంభైల్లో మా పెంకుటింటి వీధరుగు మీదికి వెళ్ళిపోయాను. ఆ ఏడు మా ఇంట్లో ఎటు చూసినా బత్తాయిలే. పడకగదిలో మంచం కింద, వంటింట్లో బియ్యం గుమ్మి పక్కన, ఆఖరికి దేవుడి గూట్లో కూడా. తినగలిగినన్ని తిని మిగిలినవి దూడకి పెట్టేవాళ్ళం, కొన్నాళ్ళకి అది కూడా మొహం తిప్పేసుకుంది.

నేనప్పుడు నాలుగో తరగతి. దీపావళి వెళ్ళిన నెల్లోపే అమ్మకి కాకినాడలో ఆపరేషనైంది. కుడివైపు రొమ్ము తీసేశారు. ఇప్పుడింత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ అప్పట్లో మా వీధిలో ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి రాచపుండు అనేవారు, తక్కినవాళ్ళు ‘ఆ జబ్బు’ అని ఊరుకునేవారు. అమ్మ ఒక్కతే, ఎవరైనా నీళ్ళు నములుతుంటే తనే అందుకుని, "క్యాన్సరండీ. రొమ్ములో వచ్చింది, తీసేసేరు" అనేది, ఇంట్లో పాతబడిన తలుపేదో ఊడదీయించినట్టు.

పరామర్శకి రావడమంటే మా వైపు చిన్న విషయం కాదు. రావులపాలెం నుంచీ, పలివెల నుంచీ, ఎక్కడెక్కడి చుట్టాలో చేతిసంచీలో అరడజను బత్తాయిలతో దిగి, అరుగెక్కుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగానే ఆవిడ మంచితనమంతా గతించినట్టుగా చెప్పుకుని ఏడ్చేవారు. అమ్మ పదిరోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు నాన్న చేత దొడ్లోని కొబ్బరిమట్టలన్నీ అరుగు మీదికి లాగించి, చిన్న కత్తులు నాలుగు పక్కన పెట్టించింది. "ఊరికే కూచుంటే నాకూ ఏడుపొచ్చేస్తాదండీ. ఈ ఈనెలు తీస్తా మాట్టాడుకుందాం, రండి" అనేది వచ్చినవాళ్ళతో. ఏడవడానికని వచ్చినావిడ ఆకు చీరుతూ చీరుతూ తన కోడలి సంగతో, గేదె సంగతో ఎత్తుకుని, సాయంత్రానికి రెండు చీపుళ్ళు కట్టి నవ్వుతూ బస్సెక్కేది. ఆ చలికాలం మా వీధిలో ఎవరూ చీపురు కొన్న పాపాన పోలేదు.

పైకి ఇంత ధీమాగా ఉన్న మనిషి లోపల దేనికి భయపడిందో నాకు కొంత తెలుసు. ఆపరేషనైన వైపు చెయ్యి పైకి లేచేది కాదు. జాకెట్టు తొడగాలన్నా, పమిట సర్దాలన్నా మామ్మ ఉండాల్సిందే. మామ్మ, అంటే మా నాన్న వాళ్ళమ్మ, ఎంత ప్రేమగా చేసినా సరే, తెల్లారుజామునే లేచి ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చక్కబెట్టే అమ్మకి అలా చేతులప్పగించి నిలబడ్డం చచ్చేంత కష్టంగా ఉండేది. ఆసుపత్రివాళ్ళు కసరత్తుల కాగితం ఒకటిచ్చారు. రోజూ చేస్తే చెయ్యి మామూలవుతుందనీ, మానేస్తే భుజం బిగిసి అలాగే ఉండిపోతుందనీ చెప్పారట. వంటింట్లో కేలండరు మేకుకే దాన్నీ తగిలించారు. అందులో ఒక బొమ్మలో ఒకావిడ చెయ్యెత్తి తల దువ్వుకుంటూ ఉండేది.

మూడు వారాలకోసారి కాకినాడ వెళ్ళి సెలైనులో మందెక్కించుకుని వచ్చేది అమ్మ. రెండో విడత నాటికి, నడుం దాటిన ఆ జుట్టంతా దిండు మీదికి వచ్చేసింది. మిగిలిన నాలుగు పోగులూ మామ్మ కళ్ళు తుడుచుకుంటూ కత్తిరించేసింది. బళ్ళో అడిగినవాళ్ళకి నేను తిరపతి మొక్కని చెప్పాను. ఆ మర్నాడు అమ్మ కాగితం ముందు నిలబడి, "దీనికి జుట్టుంది కాబట్టి దువ్వుకుంటోంది" అని నవ్వింది. తర్వాత నావైపు చూసి, మామ్మతో అంది.

"అత్తయ్యగారూ, దాన్నిలా పంపండి. డాక్టరుగారు తల దువ్వమన్నారు గానీ ఎవరి తలో చెప్పలేదు కదా."

అలా నా తల అమ్మ మందుల్లో ఒకటైంది. తను ఎత్తు స్టూలు మీద కూర్చుని నన్ను నేల మీద, మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకునేది. అంతకన్నా పైకి ఆ చెయ్యి రాదు. మామ్మ గోరువెచ్చగా కాచిన కొబ్బరినూనె వాసన, ఆవిడ నోట్లోని వక్కపలుకు వాసన, పెరట్లో చిలగడదుంపలు ఉడికే తంపటి కుండ పొగ, వీటి మధ్య అరగంట పట్టేది నాకు రెండు జడలు పడ్డానికి. మధ్యలో చెయ్యి అలిసి ఆగిపోయేది. దువ్వెన చెవికి తగిలేది. పాపిడి మా ఊరి పంటకాలవలా వంకర్లు పోయేది. ఎడమ జడ బిగువుగా చెవి పక్కనుంచీ, కుడి జడ వదులుగా మెడ కిందినుంచీ వచ్చేవి. వాటిని మడిచి ఎర్ర రిబ్బన్లు కడితే ఒక పువ్వు పైకీ, ఒకటి కిందికీ.

"ఎవరే నీకు జడేసింది, మీ నాన్నగారా?" అని బళ్ళో పకపకా నవ్వారు. తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే కుడి జడ ఊడి మొహం మీద పడేది, ఔటయ్యేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే పరువు నష్టం ఏముంటుంది?

బడికెళ్ళే దారిలో మంగతాయారు అత్తయ్యగారిల్లు. ఆవిడకి ముగ్గురూ మగపిల్లలే. ఆడపిల్ల జడంటే ప్రాణం. ఒకరోజు నా అవతారం చూసి లోపలికి పిలిచి, రెండు జడలూ విప్పి, తాడు పేనినట్టు గట్టిగా అల్లి పంపింది. మర్నాడు పిలవకుండా నేనే వెళ్ళాను. ఆ తర్వాత రోజూ అంతే. సాయంత్రం ఇంటికొచ్చే దారిలో నేనే కాస్త రిబ్బన్లు లాగి, జుట్టు రేపుకుని గుమ్మంలో అడుగుపెట్టేదాన్ని. అబద్ధానికి అంత పనితనం అక్కర్లేదేమో గానీ, అమ్మ చూస్తుందని నాకు భయం.

రథసప్తమి వచ్చింది. తెల్లారకుండానే మామ్మ నా తల మీద జిల్లేడాకులు, రేగిపళ్ళు పెట్టి నీళ్ళు పోసింది. అమ్మకి పెట్టబోతే ఆకు నున్నటి గుండు మీంచి జారిపోయింది, ఇద్దరూ నవ్వుకున్నారు. పెరట్లో ఎండ తగిలేచోట పిడకల మీద పాలు పొంగించి, కొత్తబియ్యం, బెల్లం వేసి, చెరుకుగడతో కలిపి పరమాన్నం వండారు. చిక్కుడాకుల్లో వేడివేడిగా పెడితే ఆకు పసరు వాసన, పొగ వాసన, బెల్లం వాసన కలిసిపోయాయి. మంగతాయారు అత్తయ్యగారు తమ ఇంటి పరమాన్నం గిన్నెతో వచ్చింది. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు, ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

"మీకెందుకండీ వదినగారూ ఈ అవస్థ? చెయ్యి నొప్పెడతా ఉంటే. ఎలాగూ రోజూ నేను విప్పేసి మళ్ళీ వేసి పంపుతున్నాను కదండీ" అంది.

"ఆయ్, అలాగాండీ" అంది అమ్మ. గిన్నె తీసుకుని లోపల పెట్టి వచ్చింది. నా ఆకులో మిగిలిన పరమాన్నం దూడకి పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న స్టూలు గోడ వారకి జరిపేసి ఉంది. "వెళ్ళమ్మా, అత్తయ్యగారు వేస్తారు" అంది అమ్మ, నావైపు చూడకుండా. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదటి రెండ్రోజులూ నాకు హాయిగానే ఉంది. దొంగతనం అక్కర్లేని నిండు జడలు! రెండు వారాలు అలాగే గడిచాయి. ఈలోగా అమ్మ కాగితం వైపు చూడడమే మానేసింది. చుట్టాలొస్తే మట్టలు కూడా అరుగెక్కడం లేదు. వాళ్ళు ఏడుస్తుంటే గోడకి జారబడి వింటూ కూర్చునేది.

కాకినాడ వెళ్ళొచ్చిన సాయంత్రం మామ్మ వంటింట్లో నాన్నని అడుగుతోంది. "డాక్టరుగారు కోప్పడ్డారంటరా? చెయ్యి మళ్ళీ మొదటికొచ్చేసిందంట కదా."

"ఆఁ" అన్నాడు నాన్న. "ఇలాగే వదిలేస్తే ఇంక లేవదన్నారు."

తలుపు వెనక ఉన్న నేను విన్నాను. చెయ్యి లేవకపోతే అమ్మ ఎప్పటికీ ఇలా గోడకి జారబడే కూర్చుంటుందని, అందుకు కారణం నేనని నాకు అర్థమైంది.

పొద్దున్నే స్టూలు నేనే ఈడ్చుకొచ్చాను. నూనె గిన్నె, దువ్వెన, రిబ్బన్లు పక్కన పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యగారు చక్కగా వేస్తన్నారు కదే" అంది అమ్మ.

"నాకొద్దు."

"నేనేస్తే వంకరొస్తాదే. నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ."

నా వెనక స్టూలు కిర్రుమంది. "తల తిన్నగా పెట్టు" అంది అమ్మ. ఆ రోజు ఒక్కో పాయా ఎత్తడానికి అమ్మ పళ్ళు బిగబట్టడం నాకు వినిపించింది. జడలు పూర్తయ్యేసరికి బళ్ళో మొదటి గంట కొట్టేశారు. అత్తయ్యగారు దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే, "అమ్మ వేసేసిందండీ!" అని అరుస్తూ ఆగకుండా పరిగెత్తాను. బళ్ళో నవ్విన పిల్ల పలక మీద ఉమ్మేసి దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బల గురించి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఎండలు ముదిరి, కాలవ కట్టేసి, మేం పిల్లలం ఎండిన కాలవ అడుగున గవ్వలేరుకునే రోజులకి, అమ్మ చెయ్యి లేచినకొద్దీ, నేను నేల మీంచి పీట మీదికి ఎక్కాను. తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా, పనసతొనల వాసన వసారాలో గుప్పుమంటుండగా, పీట మీంచి ముక్కాలిపీట మీదికి. కాలవకి కొత్తనీరు ఎర్రగా వచ్చి, ఆషాఢంలో మామ్మ గోరింటాకు నూరే వేళకి అమ్మా లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. అట్లతద్దికి, చీకటితో లేపి గోంగూర పచ్చడీ పెరుగన్నం తినిపించాక, నన్ను అరుగు మెట్టెక్కించి, చెయ్యి భుజం పైదాకా ఎత్తి వేసిన జడల్లో ఒక్క వంకర లేదు. ఉయ్యాల దగ్గర ఎవరూ నవ్వలేదు. నాకేదో చప్పగా అనిపించింది.

ఈలోగా అమ్మకి జుట్టొచ్చింది, ఎన్నడూ లేనిది ఉంగరాలుంగరాలుగా. రెండేళ్ళకి మెడ దాటింది. నేను ఆరో తరగతిలో చేరిన కొత్తల్లో ఒక పొద్దున్న దువ్వెన పట్టుకుని వెళ్ళేసరికి, అమ్మ అద్దం ముందు రెండు చేతులూ తల వెనక్కి పెట్టి తన చిట్టిజడ తనే అల్లుకుంటోంది. మామ్మ పరుగున వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నాన్న కళ్ళొత్తుకుని దొడ్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను చూసి, "పెద్దదానివయ్యావు, ఇంక నీ జడ నువ్వేసుకోడం నేర్చుకో" అంది. సంతోషించాల్సిన రోజని తెలుసు. అయినా ఆ పొద్దున్న అద్దం ముందు నా వెంట్రుకలతో నేను కుస్తీ పడుతూ, వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటికి అరుగు లేదు, పెంకులు తీసేసి శ్లాబు వేశారు. మామ్మ లేదు, మంగతాయారు అత్తయ్యగారూ లేరు. పరామర్శలు ఫోనులోనే అయిపోతున్నాయి, ఎవరూ బస్సు దిగి వచ్చి ఏడవడం లేదు. ఊళ్ళో బడిపిల్లలకి రిబ్బను జడలు లేవు, అందరివీ మెడ వరకే. నాదీ అంతే.

పోయిన నెల వెళ్ళినప్పుడు అమ్మ, అరవై ఐదు దాటిన మనిషి, పిన్నులు పళ్ళతో పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి ముడి చుట్టుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"ఏంటే అలా చూస్తన్నావ్?" అంది.

ఏం లేదన్నాను. ఆ చెయ్యి అంత సులువుగా లేస్తున్నందుకు ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు. కానీ అమ్మకి ఇంక నా తలతో పనిలేదని, ఇన్నేళ్ళయినా, నాకు ఉక్రోషంగానే ఉంది.