ఎవరూ తీసుకెళ్లని కత్తులు

మా ఆయన నలభై ఏళ్లు కత్తులకు సాన పట్టాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరిందనీ, ఇక దుకాణం మూసేయమనీ డాక్టరు చెప్పాడు. ఆ మాటకు దిగులుపడి కూర్చోవాల్సిన మనిషి, ఇంటికొచ్చి అటక మీది రేకుపెట్టె దింపి నా ముందు పెట్టాడు. అందులో అరవై మూడు కత్తులున్నాయి. పదును పెట్టమని ఇచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయినవాళ్లవి.

"నేను పోయేలోగా ఎవరి కత్తి వాళ్లింటికి చేరాలి. ఫోటోలు తీసి దుకాణం తలుపుకు అంటిస్తా. చూసి గుర్తుపడతారు," అన్నాడు.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికెవడో. కానీ నాకు నవ్వు రాలేదు. పోవడం గురించి ఆయన నోట వినడం అదే మొదలు.

ఫోటోల్లో నీడలు పడకూడదని, వంటగది కిటికీ పక్కన సబ్బుల అట్టపెట్టె నిలబెట్టాడు. దాని పక్కలు కోసి, పల్చటి కాగితం అతికించి, రెండువైపులా టేబుల్ లైట్లు పెట్టాడు. లోపల పరిచింది నా తెల్లదుప్పటి. ఉతికి రెండు రోజులు కాలేదంటే వింటేగా. మొదటి ఫోటోలో, ఇంకా మెరుపు పోని కత్తి మీద ఆయన ముక్కే కనబడింది.

"ఈ ముక్కు నాదేనంటూ ఎవరొస్తారు?" అన్నాను.

ఆయన దగ్గితే ఫోన్ కదిలిపోతోందని దాన్ని డబ్బాల మీద నిలబెట్టి, నొక్కే పని నాకప్పగించాడు.

తుప్పు కత్తిని ఫోటో తీయడానికి మాత్రం ఆయనకు మనసొప్పలేదు. "నా తలుపు మీద మొద్దు కత్తా? నలుగురూ ఏమనుకుంటారు?" అంటూ, డాక్టరు వద్దన్న సాన దగ్గరే మళ్లీ కూర్చున్నాడు. ఒక్కోదాన్నీ అరగదీసి, వంకర తీసి, పాడైన పిడులకు కొత్తవి వేశాడు. మరకలు నేను తోమాను. పీకేసిన పిడులు ఊడ్చి చెత్తలో వేశాను.

ఫోటోలు తలుపెక్కాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. "భలే ఉన్నాయండీ, అమ్మకానికా?" అని అడిగారే కానీ, నాదని ఒక్కరూ అనలేదు.

పదో రోజు, బట్టలు కుట్టే అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ పోయి నెలయింది. ఫోటోలన్నీ రెండుసార్లు చూసి, "మా అమ్మ తన కత్తి ఇక్కడే ఇచ్చానని చెప్పేదండీ. ఇందులో లేనట్టుంది," అంది.

"ఎలా ఉండేది తల్లీ?"

"మధ్యలో బాగా అరిగి ఉండేది. పిడికి నీలం దారం చుట్టుకుంది అమ్మ. బొటనవేలు పెట్టేచోట గుంట పడింది."

నీలం దారం ఆయనకు గుర్తుంది. నేరుగా లోపలికెళ్లి కత్తి తెచ్చిచ్చాడు. ఆ అమ్మాయి కొత్త పిడి మీద బొటనవేలు అటూ ఇటూ జరిపి చూసుకుంది.

"ఇది కాదండీ."

"ఇదేనమ్మా. నేనే బాగుచేశా."

"మరి ఆ పాత పిడి?"

చెత్తబండి వాడు ఎత్తుకుపోయి పదిహేను రోజులైంది. "నేనే పారేశా," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

అమ్మాయి కత్తిని బల్ల మీద పెట్టి, "ఉండనివ్వండి," అని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంత పనికీ తోడుపడ్డ నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన తలుపు దగ్గరికెళ్లి ఫోటోలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి, ఆయాసపడుతూ నాకేసి తిరిగాడు.

"ఒక్కదాన్నన్నా ఉన్నదున్నట్టు వదిలిపెట్టలేదే నేను," అన్నాడు.