బావ చెయ్యి లేపాడు

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి చేపల వేట మానుకున్న మా బావకు వైకల్య శాతం తగ్గించి పింఛను ఆపేశారు. అప్పీలు చేస్తే ఈ రోజు నెల్లూరులో మళ్లీ పరీక్ష పెట్టారు. మైపాడు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అక్క, "ఉన్నది ఉన్నట్టు చూపించు మావా" అంటూనే ఉంది.

డాక్టరు గారు చెయ్యి లేపమన్నారు. బావ పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ భుజం దాకా లేపాడు. డాక్టరు గారు ఏదో రాసుకుని పంపేశారు.

బయటికి రాగానే అక్క అందుకుంది. "ఇంట్లో అన్నం కలుపుకోలేని చెయ్యి ఆడ ఎందుకు లేపినావు?"

"లేపమంటే లేపినా. అంతమందిలో చేతకాదని ఎట్ట చెప్పేది?" అన్నాడు బావ.

ఫలితం తర్వాత చెబుతారట. ఇంటికొచ్చినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. బావేమో గురకపెట్టి నిద్రపోతున్నాడు. పింఛను రావాలంటే మనిషి తన చేతకానితనాన్ని ఎంత బాగా చూపించాలో, తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి.